కొత్త పడవకి అతుకు

గుణదల,
3-2-1999

ప్రియమైన మావయ్యకు,

శివాజీ నమస్కారాలు. చూసి ఇస్తానని తెచ్చుకున్న నీ పాత చెక్కపడవను లారీలో పంపించాను. చేరే ఉంటుంది. నేను డిజైన్ చేసిన ఫైబర్ తెరచాప పడవ తయారైంది! పద్నాలుగు అడుగులు, నలుగురు ఎత్తితే లేస్తుంది. బ్యారేజీ ఎగువన సరదాగా తిరగడానికి ఇక్కడి క్లబ్బువాళ్లు కొంటున్నారు. బోర్లా వేసి తీసిన ఫోటో పెడుతున్నాను.

ఒక్క సందేహం. నువ్వు ఖాళీ పడవలో గాలికి ఒరగకుండా ఇసుక బస్తాలు వేస్తావు కదా, దీనికీ కావాలా? పద్నాలుగున నీళ్లలోకి దించుతాం, ఈలోగా రాయి.

నీ మేనల్లుడు,
శివాజీ

గిలకలదిండి,
8-2-1999

చిరంజీవి శివాజీకి,

మావయ్య దీవెనలు. నీ మరదలు దుర్గ చేత రాయిస్తున్నాను. పడవ చేరింది. ఒళ్లంతా మైనం అంటుకుని ఉంటే మీ అత్త వేడినీళ్లు పోసి రుద్దుతోంది. ఎందుకని అడగను. ఫోటో చూశాను. బస్తాల సంగతి నాకేం తెలుసురా, చదువుకున్నవాడివి, గీసింది నువ్వు. చేపల వేట రోజులు, నేను రాలేను.

ఉంటాను,
కాశీరావు

గుణదల,
16-2-1999

ప్రియమైన మావయ్యా,

ఇది చదివాక నన్ను అల్లుడా అని పిలవాలో వద్దో నువ్వే తేల్చుకో. పడవ తిరగబడింది, చిన్న గాలికే. క్లబ్బు మెంబరు నాగవేణి గారు నీళ్లు మింగి ఆసుపత్రిలో ఉన్నారు. గండం గడిచింది. తిరగబడ్డ పడవ అడుగున, నేను రంగు పూసి కప్పిన నీ రాగిరేకు అతుకు మేకుల తలలతో సహా కనబడింది. "కొత్త పడవకి అతుకేంటండీ?" అన్నాడు ఆవిడ భర్త. ఒడ్డున అంతమంది.

నేను ఏ డిజైనూ చేయలేదు మావయ్యా. నీ పడవకి మైనం రాసి, దాని మీదే ఫైబర్ పరిచి అచ్చు తీశాను. కాగితం మీద నా పేరు వేసుకున్నాను. అచ్చులో అతుకు కూడా దిగింది, చెక్క బరువు మాత్రం దిగలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మొహం చూపించలేని
శివాజీ

గిలకలదిండి,
19-2-1999

నాయనా శివాజీ,

దుర్గకి తెలియకూడదని ఈసారి నేనే రాస్తున్నాను. అక్షరాలు కూడబలుక్కో.

ఆ అతుకు ఫోటోలోనే చూశాను. రంగు పూస్తే మాత్రం, నా చేత్తో కొట్టిన మేకులు నాకు తెలియవా? నా పడవని ఎత్తాలంటే ఎనిమిదిమంది కావాలి. నీది నలుగురికే లేస్తుందన్నావు. గాలికి నిలవదని అప్పుడే తెలిసింది. బస్తాలు వెయ్యరా అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అడక్కుండా అచ్చు తీశావని కడుపు మండింది. బోల్తాపడితే బుద్ధొస్తుందిలే అనుకున్నాను. అందులో ఇంకో మనిషి కూర్చుంటుందని తోచలేదురా.

మునిగేవాడు పగవాడైనా చెయ్యందించాలని మీకందరికీ చెప్పి పెంచినవాణ్ణి. నువ్వు నోరు విడిచి అడిగినా చెప్పలేదు. నీ ఉత్తరం అందినప్పటి నుంచి మీ అత్త మొహం చూడలేకపోతున్నాను.

సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. తిన్నగా నాగవేణి గారింటికి వెళదాం. నీ తప్పు తర్వాత చెబుదువు గాని, ముందు నన్ను చెప్పనివ్వు.

మీ మావయ్య,
కాశీరావు