కత్తెర నాది, తప్పూ నాదే

జూన్ 3, మంగళవారం
ఆస్పత్రి నుంచి వచ్చాక ఈ రోజే పనిలోకి వెళ్లాను. షాపులో అందరూ నన్ను చూసి నవ్వారు, చంటిపిల్లను బుజ్జగిస్తున్నట్టు. కటింగ్ టేబుల్ మీద నా కత్తెర లేదు. కొన్నాళ్లు తేలిక పని చేసుకోమ్మా అని మాస్టర్ నా ముందు గుండీల డబ్బా పెట్టాడు. ఎనిమిదేళ్లుగా స్కూలు యూనిఫాంలు కోస్తున్న చేతికి సూది ఇచ్చాడు. సూదీ గుచ్చుకుంటుందని తట్టలేదు కాబోలు.

జూన్ 4
అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. ఆవిడ నాకు టైఫాయిడ్ వచ్చిందని వీధంతా చెప్పి పెట్టింది. నన్నూ అదే చెప్పమంది. సాయంత్రం పక్కింటావిడ వచ్చి ఏం పథ్యం చేశావని అడిగింది. డిప్రెషన్ అండీ, సైకియాట్రీ వార్డులో ఉన్నాను, పథ్యం లేదు, అన్నీ తినొచ్చు అన్నాను. ఆవిడకు వెంటనే పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి.
పిన్ని నాతో మాట్లాడటం మానేసింది. అన్నం మాత్రం పెట్టింది.

జూన్ 6, మధ్యాహ్నం
భోజనాల దగ్గర టాబ్లెట్ అందరి ముందే వేసుకున్నాను. కాజాలు కుట్టే అక్క రోజూ బీపీ మాత్ర వేసుకుంటుంది, ఎవరూ తలెత్తి చూడరు. నా మాత్రను మాత్రం గొంతు దిగేదాకా చూశారు. తర్వాత ఆ అక్కే పక్కకు పిలిచి చెప్పింది. కత్తెర మాస్టర్ బీరువాలో పెట్టి తాళం వేశాడట. అందరి మంచికేనట. నా మంచికి కూడానట.
ఒళ్లు మండిపోయింది.

జూన్ 7
మా పనిలో ఒకరి కత్తెర ఇంకొకరు ముట్టరు. దాంతో గుడ్డ తప్ప కాగితం కూడా కోయరు, పదును పోతుంది. ఈ సంగతి నాకు నేర్పింది మాస్టరే. ఈ రోజు ఆయనే నా కత్తెరతో అట్టపెట్టె కోస్తున్నాడు.
నాది నాకిచ్చేయండి అన్నాను. కత్తెర పట్టుకోవచ్చని డాక్టర్ చేత రాయించుకురా అన్నాడు. పోయినేడు మీ గుండెకు స్టెంట్ వేశారు కదా, ఇస్త్రీపెట్టె పట్టుకోవచ్చని మీరెవరి చేత రాయించుకున్నారు అని అడిగాను. అట్టను సగంలో వదిలేసి కత్తెర టేబుల్ మీద పెట్టాడు.
అది పదును పోయి మొండిగా తయారైంది. సాన పట్టించాను.

జూన్ 9
పిన్ని అలక తీరలేదు. కానీ నా టాబ్లెట్ల పక్కన గ్లాసుతో మంచినీళ్లు పెట్టింది.

జూన్ 12, సాయంత్రం
గెలిచానని ఎగిరిపడ్డాను కదా. ఈ రోజు ఒక ఆర్డరులోని చొక్కాలన్నిటికీ ఎడమ చేతులే కోశాను. గుడ్డకు పైకి కనబడే వైపును ముఖం అంటాం. ముఖానికి ముఖం కలిపి పరిస్తే కుడీ ఎడమా జతగా వస్తాయి. నేను పొరలన్నీ ఒకేవైపు పరిచాను.
మిషన్లు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు. భయమేసింది అందుకే. మాస్టర్ చాలా మెల్లగా, ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోమ్మా అన్నాడు. కాజాల అక్క, పొద్దున మాత్ర వేసుకున్నావా అంది.
ఏడుపొచ్చింది. ఏడిస్తే అదీ జబ్బు ఖాతాలోకే పోతుందని తెలుసు. అయినా ఏడుస్తూనే చెప్పాను. మాస్టర్ కాలర్లు తిరగేసి కోసిన రోజు అందరం నోటికొచ్చినట్టు తిట్టాం, ఇంటికి పొమ్మనలేదు. నన్నూ తిట్టండి. ఇది జబ్బు చేసిన తప్పు కాదు, నేను చేసిన తప్పు. నాకు గుడ్డ ఇవ్వండి, కుడివి కోస్తాను.
ఎవరూ గుడ్డ ఇవ్వలేదు. షాపు మూసేదాకా నేనూ టేబుల్ దగ్గర్నుంచి కదలలేదు.

జూన్ 13
పొద్దున్నే మాస్టర్ గుడ్డ తాను తీసి, నా ముందు దబ్బున పడేశాడు. కళ్లు నెత్తికెక్కాయా, ఇన్నేళ్లొచ్చి గుడ్డకు ముఖమేదో వెనకేదో తెలియదా అని వీధి చివరిదాకా వినబడేలా తిట్టాడు.
ఎంత హాయిగా ఉందో.