గడ్డలు తవ్విన పొద్దు, కారం చల్లిన పొద్దు

లండన్, ఒంటారియో
సెప్టెంబర్ ఆఖరు

అక్కకు నీ చెల్లె రజిత కాళ్లు మొక్కి రాస్తున్నది. నువ్వు, బావ, అమ్మ, పిల్లలు అందరు పానం మంచిగ ఉన్నరనుకుంట. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? నా గురించి రంది పెట్టుకోకుండ్రి. తింటున్న, పంటున్న, మంచిగనే ఉన్న.

ఫోనుండంగ ఉత్తరమేందే అని నవ్వకు. ఫోన్ల నేను ఒక మాటంటే నువ్వు నాలుగంటవు, నా ముచ్చట మధ్యల్నే తెగిపోతది. కాయిదం మీదనైతే నువ్వు అడ్డం రాలేవు. నాతోని రూముల ఉండే స్వప్న శుక్రవారం హన్మకొండకు వస్తున్నది, ఆమె చేతికిస్తున్న. బతుకమ్మ మొదలయ్యే లోపలనే నీకు అందాలె.

ఈడ పొద్దుగాల చలి మొదలైంది. జాకెట్ లేకుండ బస్ స్టాపుల నిలబడలేం. చెట్ల ఆకులన్ని పసుపుపచ్చగ అయితున్నయి, చూస్తే తంగేడు పూలే యాదికొస్తున్నయి. క్లాసులు అయినంక కాఫీ షాపుల పార్ట్‌టైం చేస్తున్న. నిలబడీ నిలబడీ పిక్కలు గుంజుతయి గని మేనేజర్ మంచిది. బేస్‌మెంట్ రూముల మేమిద్దరం వండుకుంటున్నం, పచ్చిపులుసు అచ్చం అమ్మ చేసినట్టే కుదురుతున్నది. ఆదివారం పొద్దుగూకినంక మాత్రం మనసున పడది. ఏడుస్తలేను, ఉత్తగ చెప్తున్న. మంచిగనే ఉన్న.

ఇగ అసలు ముచ్చట. పోయిన వారం మా హిస్టరీ క్లాసుకు ఒక పెద్దామె వచ్చింది. పడమటి దిక్కు గడ్డిమైదానాల మనిషి. పుస్తకాలల్ల వాళ్లను సూ అని రాస్తరు, వాళ్లేమో లకోటా అని చెప్పుకుంటరు. వాళ్ల ముందటితరమోళ్లు అమెరికా సైన్యంతోని కొట్లాడి, పిల్లాజెల్లను తీసుకొని సరిహద్దు దాటి కెనడాకు వచ్చిండ్రట. ఆమె రాకముందే మా ప్రొఫెసర్ ఆ యుద్ధాల మీద ఒక సైన్యం ఆఫీసర్ రాసింది చదువుకొని రమ్మన్నడు. లకోటోళ్లు నది ఒడ్డున గుడారాలేసుకొని, కాపు కాసి, ఉచ్చుపన్ని సైన్యం మీద పడ్డరని ఆయన రాసిండు. అచ్చుల ఉన్నది కదా అని నేను గూడ నమ్మిన.

పెద్దామె కూసున్నది. కథ మొదలుపెట్టకముందు ఏమన్నదో తెలుసా? "ఇది మా అమ్మమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ల అమ్మమ్మ చెప్పింది. ఆ పొద్దు ఆమె ఆడ ఉన్నది." గంతే, ఇగ మొదలుపెట్టింది. ఆ ముసలామె అప్పుడు చిన్నపిల్ల, ఆ పొద్దు వాళ్లమ్మతోని గడ్డలు తవ్వుతున్నదట. భూమిల ఊరే గడ్డలు, కట్టెతోని తవ్వి, జడలల్లి ఎండబెట్టుకుంటరట చలికాలానికి. దుమ్ము లేసింది, సైన్యం గుర్రాలు కనిపించినయి. ఉన్నపాటున కట్టె చేతుల పట్టుకొని గుడారాల దిక్కు ఉరికిందట. కాపు కాసేటోళ్లు పెండ్లాం పిల్లల్ని గడ్డలు తవ్వుకోమని తోలుతరా అక్కా? నువ్వే చెప్పు.

ఆడనే నేనొక పని చేసిన. అవ్వ కాడ పండుకొని కథ ఇన్న అలవాటు కదా, నాకు తెల్వకుండనే "ఊఁ" అన్న. ఆమె ఇంకో మాట చెప్పింది, మళ్ల "ఊఁ" అన్న. క్లాసుల ఇంకెవ్వరు ఊఁ కొడుతలేరు. అందరు నా దిక్కు తిరిగి చూసిండ్రు. ప్రొఫెసర్ గూడ చూసిండు. నాకు సిగ్గుతోని మొఖం మండింది. పెద్దామె కథ ఆపింది. అయిపాయె, బయటికి పొమ్మంటది అనుకున్న.

ఆమె నవ్వింది. "ఇంతసేపు గోడలకు చెప్తున్ననేమో అనుకున్న. మా దిక్కు గూడ వినేటోళ్లు గట్లనే పలుకుతరు. మేము పలకకపోతే మా అమ్మమ్మ కథ ఆపి పండుకునేది" అన్నది. ఆ తర్వాత కథంత నా దిక్కు చూసే చెప్పింది. నేను గూడ భయం లేకుండ ఊఁ కొట్టిన. గర్వంగ ఉండె అక్కా, ఏం దాచాలె.

కథ అయినంక ఒకతను లేచి, రాసి లేదు కదా, ఎట్ల నమ్మాలె అన్నడు. ఆమెకు కోపం రాలే. "ఆ ఆఫీసర్ నదికి అవతల ఉన్నడు. ఆయనకు కనిపించింది ఆయన రాసిండు. మా ముసలామె ఇవతల ఉన్నది. ఆమెకు కనిపించింది ఆమె చెప్పింది. రెండు పక్కపక్కన పెట్టుకొని చూడు. గని ఇవతల ఏమైందో అవతలోణ్ని అడగకు." సైనికులు ఎంతమంది ఉండిరి అని ఇంకొకరు అడిగిండ్రు. "ఆమె లెక్కపెట్టలే బిడ్డా. ఉరికింది" అన్నది.

క్లాసు అయినంక నన్ను పిలిచింది. ఊఁ కొట్టుడు ఎవరు నేర్పిండ్రు అని అడిగితే మన అవ్వ గురించి చెప్పిన. అవ్వోళ్లమ్మ ఎల్లవ్వ గురించి చెప్పిన. దొర మనుషులు వడ్లు ఎత్తుకపోనీకి వస్తే, ఆడోళ్లంత రోకండ్లు పట్టుకొని వాకిట్ల నిలబడ్డది, ఎల్లవ్వ కారం చల్లింది, అవ్వ చిన్నపిల్లయి వడ్ల గుమ్మి ఎనుక కూసొని చూసింది, అన్ని చెప్పిన. ఇది పాటగ గూడ ఉన్నదంటే పాడమన్నది. బతుకమ్మ చుట్టూ నువ్వు పాడినట్టే ఎత్తుకున్న.

కారప్పొడి ముల్లె ఉయ్యాలో
కొంగున కట్టింది ఉయ్యాలో

ఎల్లవ్వ వాకిట్లకు వచ్చే దాక పాడిన. తర్వాత రాలే. ఎంత గుంజుకున్నా రాలే. "తర్వాతది మా అక్కకు వస్తది" అన్న. ఎల్లవ్వ పేరు ఆమె నోటితోని రెండుసార్లు మెల్లగ పలికి చూసుకున్నది. మన ఎల్లవ్వ పేరు అక్కా, ఈ దేశంల. నాకు దుఃఖం, సంబురం రెండూ ఒక్కతీరే వచ్చినయి.

మరి అక్క పాడుతదా అని అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలే. మా ఊరి సారు ఊరి చరిత్ర పుస్తకం రాసిండు, అండ్ల ఊరోళ్లు అల్లరి చేసిండ్రని ఉన్నది గని ఆడోళ్ల పేరే లేదు, గందుకని ఈసారి పాడనన్నది అని చెప్పిన. దానికామె, "పుస్తకానికి భయపడి కాదు. ఊఁ కొట్టేటోళ్లు లేక అయ్యుంటది" అన్నది.

అప్పటిసంది నాకు నిద్ర పడుతలేదు. సారు పుస్తకం తెచ్చి ఊరోళ్లకు చూపిన రోజు నువ్వు లేచి ఎల్లవ్వ ముచ్చట చెప్తే, సాక్ష్యమేది అని అడిగిండ్రు కదా. ఆడ మనోళ్లు ఒక్కరన్న అవునన్నరా? నేనుంటే అనేదాన్ని. నేను లేను. నీ తర్వాత ఆ పాట ఎవరికి వస్తది? నాకు సగమే వచ్చు. నువ్వు ఆపినవంటే ఎల్లవ్వ వాకిట్లనే నిలబడిపోతది.

సారు మీద కోపం పెట్టుకోకు. ఆయన కచేరి కాయిదాలు చూసి రాసిండు, ఆ కాయిదాలు దొర దిక్కోళ్లు రాసినయి. మనింటికి వచ్చి అడగలే, గంతే. ఈసారి ఆయనను బతుకమ్మ కాడికి పిలువు, కుర్చేసి కూసోబెట్టు. ముందుగాల, "ఇది మా అవ్వ చెప్పింది, గుమ్మి ఎనుక కూసొని ఆమె చూసింది" అను. తర్వాత ఎత్తుకో. తెల్వనిది తెల్వదని చెప్పు, అండ్ల సిగ్గేం లేదు.

స్వప్న తిరిగి వచ్చేటప్పుడు కారప్పొడి పంపు, ఇంట్ల దంచిందే. బావకు దండాలు. అమ్మను మందులు మరువొద్దని చెప్పు. పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెన నా మీద ఉంటే ఈ చలి నన్నేం చేయది.

సద్దుల బతుకమ్మ నాడు మీకు పొద్దుగూకేటప్పుడు ఈడ పొద్దుగాల అయితది. డ్యూటీకి సెలవు పెట్టిన. పెద్దపిల్లను ఫోన్ పట్టుకొని నీ పక్కన నిలబడమను. ఊళ్లె ఎవరు పలికినా పలకకపోయినా నువ్వు పాడు, ఈడికెల్లి నేను ఊఁ కొడుత.

నీ చెల్లె
రజిత