మామగారి ముందు దాటిన కోడలు

అట్-బాషీ,
ఫిబ్రవరి 11.

వదినగారు బూసైరా గారికి,

సైరకాన్ సలాములతో రాస్తున్న ఉత్తరం. మీ మోకాళ్ల నొప్పులు తగ్గాయనీ, అన్నయ్యగారు కులాసాగా ఉన్నారనీ తలుస్తాను. ఇక్కడ మేమూ, గొర్రెలూ క్షేమమే.

మీ కబురు అందింది. మా పెద్దోడు సమత్ పోయి సంవత్సరీకం కూడా అయిపోయింది కాబట్టి, మీ అమ్మాయి బురుల్‌ని పుట్టింటికి తీసుకెళ్తామన్నారు. చిన్న వయసు, ఇంకా బోలెడు బతుకుందన్నారు. కాదనే నోరు నాకు లేదు. కానీ మా పిల్లని మంచులో డ్రైవరుగా వాడుకుంటున్నారన్నారు చూడండి, ఆ మాట మాత్రం గుచ్చుకుంది. ఆ పిల్ల బండి నడపడం మీరు చూడలేదు. నేను చూశాను.

పోయిన వారం మంచు ఆగకుండా కురిసింది. పైన చలికాలపు కొట్టం దగ్గర మా చిన్నోడు ఎల్దార్ మందతో ఒంటరిగా ఉన్నాడు. ఎండుగడ్డి అయిపోయిందని ఫోను చేశాడు, ఆ తర్వాత ఇక ఫోను పలకలేదు. మా ముసలాయన పాత జీపులో ముందు బయల్దేరారు. వెనక మా నీవా కారు నడుపుతూ బురుల్, పక్కన నేను, మా వెనక గడ్డి మోపులు. బయల్దేరే ముందు, మంచులో దిగబడకుండా పిల్ల నాలుగు టైర్లలోనూ గాలి సగానికి పైగా వదిలేసింది. చప్పబడ్డ టైర్లతో కొండెక్కితే గొర్రెలు నవ్విపోతాయన్నారు ముసలాయన. ఆయన టైర్లు మాత్రం రాళ్లలా గట్టిగా ఉన్నాయి.

వాగు దాటాక ఆయన దారి తప్పారు. నాకు తెలుస్తూనే ఉంది, పిల్లకీ తెలుస్తోంది. ముందుకెళ్లి దారి చూపించవే అన్నాను.

"ఎలా అత్తయ్యా, మామయ్య ముందున్నారుగా" అంది.

మామగారి ముందునుంచి కోడలు దాటకూడదు కదా. మీ పెంపకానికి మురిసిపోవాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు. ఆయన పల్లంలోకి పోతుంటే మేం దారి మీద ఆగి చూస్తూ కూర్చున్నాం. జీపు తలుపుల దాకా దిగబడింది. ఆయన కోపంగా ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగింది.

అప్పుడు పిల్ల బండి దిగి, నడుము లోతు మంచులో ఆయన దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని వంగి మొక్కింది.

"మామయ్యా, మీ ముందు దాటి వెళ్తున్నాను. తప్పుగా అనుకోకండి."

ముసలాయన మీసాల మీది మంచు దులుపుకున్నారు. "దాటమ్మా. అక్కడ వాడొక్కడే ఉన్నాడు" అన్నారు. జీపు అక్కడే వదిలేసి, వచ్చి గడ్డి మోపుల మీద ఎక్కి కూర్చున్నారు.

ఇక ఆ పిల్ల నడిపిన తీరు ఏమని చెప్పను! నాలుగు చక్రాలూ కలిసి లాగేలా చిన్న మీట వేసింది. రెండో గేరు, తొందరన్నది లేదు. మంచు బానెట్ మీదికొస్తే ఆగేది. చక్రాన్ని ఒక్క చుట్టు కూడా వృథాగా తిరగనివ్వలేదు. తన జాడలోనే వెనక్కొచ్చి, మళ్లీ ముందుకు నెట్టేది. అలా నెట్టిన ప్రతిసారీ కాస్త దారి పడేది. పెదవులు కదులుతుంటే దువా చదువుతోందనుకున్నాను. కాదు, బండితో మాట్లాడుతోంది. పద, మెల్లగా, ఇంకొంచెం అంటోంది. మా సమత్ గుర్రంతో అలాగే మాట్లాడేవాడు. నాకు ఏడుపొచ్చేసింది. మా ముసలాయన దారంతా ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. మా కాపురంలో అలాంటి రోజు ఇంకొకటి లేదు.

మేం వెళ్లేసరికి ఎల్దార్ గొర్రెల కోసం మంచు తవ్వి గడ్డి పరకలు ఏరుతున్నాడు. ఇంత ఆలస్యమేంటి, దారిలో టీ తాగుతూ కూర్చున్నారా అని వదినని వెక్కిరించాడు, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని. మంద దక్కింది.

కాబట్టి వదినగారూ, ఆ పిల్లని డ్రైవరనకండి. ఇప్పుడు ముసలాయన ఎక్కడికి వెళ్లాలన్నా, దారెలా ఉందమ్మా అని తననే అడుగుతున్నారు. మీరు కన్న పిల్ల, గర్వపడండి.

అన్నయ్యగారికి మా సలాములు.

మీ వియ్యపురాలు,
సైరకాన్

తా.క.: ఈ ఉత్తరం తెచ్చింది బురులే. డొలోన్ కనుమ మీదుగా తనే నడుపుకుంటూ వచ్చింది. అమ్మానాన్నల్ని చూసి నాలుగు రోజుల్లో తిరిగి రావాలనుకుంటోంది. మీరు తీసుకెళ్తామన్న సంగతి తనకి మేం చెప్పలేదు. గడ్డి మోపులుండే చోట తన పెళ్లి సామానంతా సర్ది, పైన దుప్పటి కప్పేశాం. నీవా కూడా ఆయన బురుల్ పేరునే రాసిచ్చేశారు. చెబితే కదలదు, అందుకే చెప్పలేదు. ఎటు వెళ్లాలో తననే తేల్చుకోనివ్వండి. మీరు ఆపకండి, నేను పిలవను. ముసలాయన మాత్రం పొద్దున్నే లేచి, బండి వెళ్లడానికని వాకిట్లో మంచంతా తోసేశారు. రేపటి నుంచి కూడా రోజూ తోస్తారట.