సున్నపు గీత

బాపూ,

రేపు నీ ఏడాది మాసికం. వంటకు ట్యాంకర్ నీళ్ళు తెప్పియ్యాలేమో అని నెల కిందనే ఫికర్ పడ్డ. ఇగ అక్కెర లేదు. మన వాడకట్టుకు నల్లా నీళ్ళొచ్చినయి.

పైపు ఖబ్రస్తాన్ పక్క నుంచి పోవాల్సి ఉండె. నువ్వు పోయినంక సర్పంచినైన గదా, ఖబ్రస్తాన్ గోడ బయటిదంతా ఉత్త జాగనే అనుకొని నేనే జేసీబీని పిలిపించిన. మసీదు ఇమాం సాబ్ వచ్చి దాని ముందట కూసున్నడు. గోడ కట్టకముందటి గోరీలు బయట సుత ఉన్నయట, వాటికి రాళ్ళు లేవట. ఆయనను ఎవ్వరూ ఒక్క మాట అడగలే. నేను సుత అడగలే.

జేసీబీని వాపస్ పంపి, తెల్లారి సున్నం డబ్బా పట్టుకొని ఆయన ఇంటికి పోయిన. "మీరే గీత గీయండి, దాని మీదనే తవ్విస్త" అన్న. ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నడు. గోరీలను తప్పిచ్చుకుంట గీత పాము లెక్క వంకర్లు పోయింది. కాంట్రాక్టర్ సణిగినా గట్లనే తవ్విచ్చిన.

నిన్న నల్లా తిప్పినంక ఇమాం సాబ్ నన్ను పిలిచి, గీత పక్కన ఒక జాగా చూపిచ్చిండు.

"ఈడ మా నాయిన ఉన్నడు బిడ్డా. ఆయన మట్టికి మీ బాపు వచ్చి మూడు పిడికిళ్ళ మన్నేసిండు. ఎల్లుండి మాసికానికి నేనొస్త."

నువ్వు ఎన్నడు చెప్పలే. నేను మొదాలు తవ్విద్దామన్నది గా జాగలనే బాపూ. నీ చేతి మన్ను కదల్లే.