నీ ఎరుపు పండింది

అమ్మమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను ఇంటర్న్‌గా చేరిన గురుగ్రామ్ కంపెనీ తన లోగోకి మన పెడన అద్దకాల పాత ఎరుపు కావాలంది. పుస్తకం చూసి పటిక కొలిచి, గుడ్డను ఎర్ర రంగునిచ్చే చిరివేరుతో ఉడికిస్తే ప్రతిసారీ వెలిసిపోయిన ఇటుక రంగే వచ్చింది. ఇవాళ కూడా కుదరకపోతే కంప్యూటర్లోని ఎరుపే ఖాయమన్నారు.

చివరికి, అద్దకం వేసేటప్పుడు నువ్వు చూసినట్టే పటిక నీళ్లు నాలుక మీద వేసుకుని రుచి చూశాను. వగరు చాలలేదు. ఇంకాస్త పటిక కలుపుతుంటే మా టీమ్ దీదీ, "అరే, చాయ్ బనా రహీ హో క్యా?" అని, టీ కాస్తున్నావా అన్నట్టు నవ్వింది.

గుడ్డ ఉడికి ఆరాక చూస్తే నీ ఎరుపే! "పండింది అమ్మమ్మా!" అని తెలుగులోనే అరిచేశాను. ఎవరిని పిలిచావని దీదీ అడిగితే నీ గురించి చెప్పాను.

లోగోకి అదే ఖాయమైంది. నీ చేతులకుండే చిరివేరు వాసన ఇప్పుడు నా చేతులకుంది. భోజనానికి పిలుస్తున్నారు గానీ, కడుక్కోబుద్ధి కావడం లేదు.

నీ చిన్ని