ఇటలీ సీసా

ఆదివారం, బొబ్బిలి

ఇటలీలో ఆ ద్రాక్షతోట ముసలాయన ముందు నా గ్లాసులోనే వైన్ పోశాడు. బాగుందన్నాను. "పెళ్ళిరోజుకి మనిద్దరం తాగుదామే" అని మా ఆయనే ఓ సీసా కొన్నారు. పగలకుండా నా పట్టుచీరలో చుట్టాను. ఎయిర్‌పోర్టు బెల్టు మీద పెట్టె కనబడేదాకా నాకు ఊపిరాడలేదు.

ఈరోజే పెళ్ళిరోజు. సాయంత్రం మేడ మీద ఆయనా, ఆయన స్నేహితులూ దాన్ని సోడా కలుపుకుని తాగేశారు. కింద రొయ్యలు వేయించింది నేను. ప్లేటు పట్టుకెళ్ళి "మరి నాకేదీ?" అంటే అందరూ నవ్వారు.

"ఒసే, ఇది బొబ్బిలే. సూసినోళ్ళు ఏటనుకుంతారు?" అన్నారాయన.

వాళ్ళు వెళ్ళాక ఖాళీ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "బాగున్నాది. కడిగి మనీప్లాంటు ఎట్టుకో."

కడిగాను. నీళ్ళు పోసి మొక్క పెట్టాను కూడా. అందుకే ఇంకా ఒళ్ళు మండుతోంది.