ముగ్గులో చేప

జూలై 8, సోమవారం

కంటి ఆపరేషన్ అయి ఆరో రోజు. బరువులెత్తొద్దు, వంగొద్దు అన్నాడు డాక్టరు. వంగొద్దంటే ముగ్గు లేనట్టే. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా చేసినదాన్ని, నా వాకిలి బోసిగా ఉంది.

మేనకోడలు బిందు నిన్న సాయంత్రం ఏదో పాత సస్పెన్స్ సినిమా పెట్టింది. అందులో ఒకడు పనీపాటా లేక ఎదురిళ్లలోకి చూస్తూ కూర్చుంటాడు. చివరికి హత్య బయటపడుతుంది, వాడు హీరో అయిపోతాడు. హత్యే జరక్కపోతే వాణ్ని ఏమనాలే అని అడిగాను. జరుగుతుంది కదత్తా, సినిమా అన్నాక, అని నవ్వేసి పొద్దున్నే విశాఖ బస్సెక్కింది. నాకు మాత్రం వాడు నచ్చలేదు.

నచ్చలేదని రాస్తూనే కిటికీ దగ్గర కూర్చున్నాను. కొత్త కన్ను భలేగా పనిచేస్తోంది. ఎదురింటి లోవలక్ష్మి ముగ్గులో చుక్కలు కూడా లెక్కకి వస్తున్నాయి. ఏడు చుక్కలు, మెలికలు, కుడి మూల ఒక చిన్న చేప. నక్కపల్లి అవతల సముద్రపు ఊరి పిల్ల. ఏ ముగ్గేసినా ఆ చేప ఉండాల్సిందే.

జూలై 9, ఉదయం

చూడకూడనిది చూశాను. లోవలక్ష్మి మొగుడు ధనరాజ్, బెల్లం మార్కెట్లో గుమాస్తా, పెద్ద మర్యాదస్తుడు. వాకిట్లోనే ఆమె చెయ్యి మెలితిప్పి లోపలికి ఈడ్చుకుపోయాడు. పోతూ పోతూ ఆమె నా కిటికీ వైపు చూసింది.

నేను కర్టెన్ లాగేశాను. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు అనుకున్నాను. అబద్ధం. భయపడ్డాను.

జూలై 10

ఎదురింట్లో ముగ్గు పడలేదు.

జూలై 11

ఇవాళా లేదు. చేపలమ్మే కొర్లమ్మని వాళ్ల గుమ్మం దాకా పంపాను. ధనరాజే వచ్చాడట. మా ఇంటిది బయటుంది, సేపలొద్దు ఎల్లు, అన్నాడట. నెలనెలా ఉన్నదే కదా టీచరమ్మా, ముగ్గు ముట్టుకోదు, దానికి నువ్వేటి ఇంత కంగారు పడతన్నావు, అని కొర్లమ్మ నన్నే కసిరింది.

నిజమే కదా. మూడు రోజులు. నాలుగో రోజు తలంటుకుని తనే వేస్తుంది. పరాయి కొంపలోకి తొంగిచూస్తే ఇలాంటి పాడు ఆలోచనలే వస్తాయి. కర్టెన్ తియ్యను.

జూలై 13, ఉదయం 6.10

ముగ్గు పడింది! అమ్మ నూకాలమ్మా, నీకు దండం.

6.40

అది ఆమె వేసింది కాదు.

మళ్లీ మళ్లీ చూశాను. చుక్కలు ఏడే. కానీ గీత ఆగి ఆగి నడిచింది. ముగ్గు రెండు వేళ్ల మధ్యనుంచి జారాలి. ఇది గుప్పిట్లోంచి పడింది. పిల్లల గీతలు ముప్పై ఏళ్లు దిద్దాను, చెయ్యి మారితే నాకు తెలీదా. కుడి మూల చేప లేదు.

నాలుగో రోజు ముగ్గు లేకపోతే వీధి అడుగుతుందని వాడికి తెలుసు. అందుకని చీకటితోనే లేచి వాడే కూర్చుని వేశాడు. ఆ మనిషి వంగి చుక్కలు పెట్టుకోవడం తలుచుకుని, వెళ్లి నా తలుపు గడియ మరోసారి చూసొచ్చాను.

7.15

ఫోన్ చేతిలో ఉంది. ఏమని చెప్పను? కిటికీలోంచి చూస్తుంటాను, ముగ్గులో చేప తగ్గింది అనా? ఆ సినిమావాడికి హత్య దొరికింది. దేవుడా, నాకు దొరక్కూడదు. నేను ఉత్త పాడు ముసలిదాన్నే అని తేలనీ.

112 కొట్టాను.

సాయంత్రం

బతికే ఉంది. వెనక గదిలో పెట్టి తాళం వేశాడు. చెయ్యి విరిగింది, నాలుగు రోజులుగా నీళ్లు తప్ప ఏమీ లేవు. బయటుందన్నాడు, వెధవ! స్ట్రెచర్ మీద నా ముందునుంచే తీసుకెళ్లారు. కళ్లు తెరిచే ఉన్నాయి. నా వైపు చూళ్లేదు.

మీకెలా తెలిసిందమ్మా అని ఎస్సై నడివీధిలో అడిగాడు. ముగ్గులో చేప లేదన్నాను. జీపులో కూర్చున్న ధనరాజ్ విన్నాడు. తలెత్తి నా కిటికీని చూశాడు, తీరిగ్గా, ఊచలు లెక్కపెడుతున్నట్టు.

మంచి పనే సేసేవు గానీ ఇంక తలుపేసుకో తల్లీ, అంది కొర్లమ్మ.

తొమ్మిదో తారీఖున కర్టెన్ ఎందుకేశావని నన్నెవరూ అడగలేదు. అడగాల్సింది ఆ పిల్లే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆగస్టు 2

బెయిల్ మీద వచ్చేసేడమ్మా, మార్కెట్ కాడ నా కళ్లతో సూసేను, అంది కొర్లమ్మ. లోవలక్ష్మి పుట్టింట్లో ఉంది, అన్నదమ్ములు కనిపెట్టుకుని ఉన్నారట. ఆమె గురించి బెంగ లేదు.

ఎదురింటికి తాళం అలాగే ఉంది. నేను కిటికీ మూసి, గడియ పెట్టి, లైటు ఆపి కూర్చున్నాను. చూసినన్నాళ్లు హాయిగా చూశాను. ఇప్పుడు నన్నెవరో చూస్తున్నారనిపిస్తోంది. రేపు మధ్యాహ్నం బస్సుకి బిందు దగ్గరికి వెళ్లిపోతాను.

ఆగస్టు 3, ఉదయం 5.40

తలుపు తీశాను. నా వాకిట్లో ముగ్గుంది.

నేనింకా వంగకూడదు.

ఏడు చుక్కలు. గీత ఆగి ఆగి నడిచింది. ఈసారి చేప వెయ్యడం మర్చిపోలేదు వాడు.